సన్ మీది ఎక్స్‌వ్యూ టూల్‌కిట్‌ను హెచ్‌పీ, ఐబీఎం, ఎస్‌జీఐ, డెక్ వర్క్‌స్టేషన్లకు పోర్ట్ చేయడం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ తెగుతుంది

మీరు అడిగింది ఇది: సన్‌ఓఎస్ 4.1.3 నడిచే స్పార్క్‌స్టేషన్ మీద ఎక్స్‌వ్యూ 3తో కట్టిన ప్రోగ్రాం ఉంది. దాని సోర్సూ, టూల్‌కిట్ సోర్సూ రెండూ చేతిలో ఉన్నాయి. హెచ్‌పీ 9000 సిరీస్ 700, ఐబీఎం ఆర్‌ఎస్/6000, ఎస్‌జీఐ ఇండిగో, డెక్ ఆల్ఫా, ఈ నాలుగింటి మీదా అది నడవాలి. బటన్లూ మెనూలూ గీసే భాగమే కష్టమనిపిస్తోంది, ఏ ఫైల్‌తో మొదలుపెట్టాలి అని.

గీసే భాగం గురించి దిగులు పడకండి. విండో తెరవడం, గీత గీయడం, అక్షరం పెట్టడం అన్నీ ఎక్స్ అనే విండో వ్యవస్థ ప్రోటోకాల్ మీదుగా, తెరను నడిపే సర్వర్ అనే ప్రోగ్రాంకి వెళ్లే అభ్యర్థనలు. బటన్ అంచులూ నీడలూ గీసే ఓఎల్‌జీఎక్స్ లైబ్రరీ కూడా ఎక్స్‌లిబ్ (ఎక్స్ అభ్యర్థనలు పంపే సీ లైబ్రరీ) ఫంక్షన్లనే పిలుస్తుంది. కనెక్షన్ తెరిచేటప్పుడు క్లయింట్ (అంటే మీ ప్రోగ్రాం) పంపే మొదటి బైటే తన బైట్ వరుస ఏమిటో సర్వర్‌కి చెప్పేస్తుంది, ఆ తర్వాత తిప్పుకునే పని సర్వర్‌ది. తెగేదంతా ఎక్స్ కింద ఉంది: ఈవెంట్ లూప్, సిగ్నల్స్, ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లు చేరే తీరు, సూడో టెర్మినల్ (పీటీవై, అంటే షెల్‌కి నిజం టెర్మినల్‌లా కనిపించే జత ఫైళ్లు), లింకర్. సన్‌లో ఎలా ఉందో లోకమంతా అలాగే ఉంటుందని టూల్‌కిట్ నమ్మిన ప్రతి చోటా మీకు పని పడుతుంది.

అలా నమ్మడానికి కారణం దాని పుట్టుకలోనే ఉంది. సన్‌వ్యూ అనే పాత టూల్‌కిట్ సన్ సొంత విండో వ్యవస్థ మీద మాత్రమే నడిచేది. దాని ఏపీఐని ఎక్స్ మీదికి తెచ్చి, సన్, ఏటీ అండ్ టీ కలిసి 1988లో ప్రకటించిన ఓపెన్ లుక్ అనే తెర రూపం ఇస్తే ఎక్స్‌వ్యూ అయింది. 1989 చివర్లో ఎక్స్11 రిలీజ్ 4తో పాటు సోర్స్ ఉచితంగా వచ్చింది కాబట్టే వేరే కంపెనీల యంత్రాలకు తీసుకెళ్లే దారి దొరికింది. 1993 మార్చిలో యూనిక్స్ కంపెనీల మధ్య సీఓఎస్‌ఈ ఒప్పందంతో సన్ పోటీ టూల్‌కిట్ మోటిఫ్ వైపు మళ్లాక దీని మీద కొత్త పని దాదాపు ఆగిపోయింది. మీ దగ్గరున్న సోర్స్ చాలావరకు బీఎస్‌డీ యూనిక్స్, 32 బిట్లు, స్పార్క్ అనే మూడు నమ్మకాల మీద నిలబడి ఉందని గుర్తుంచుకుని చదవండి. ఏ ఫైల్ తెరిచినా ఈ మూడింటిలో ఏది కనిపిస్తోందో వెతకండి.

ఒక్క లైను మార్చకముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. సన్ మీది పాత బైనరీనే హెచ్‌పీ తెర మీద చూపించండి. హెచ్‌పీలో ఎక్స్‌హోస్ట్‌తో సన్ యంత్రానికి అనుమతి ఇచ్చి, సన్‌లో డిస్‌ప్లే వేరియబుల్‌ని హెచ్‌పీ వైపు తిప్పి నడిపితే చాలు. ఇక్కడ కనిపించే తప్పులన్నీ సర్వర్ వైపువి. ఫాంట్లు, కీబోర్డు, రంగులు అక్కడే సరిచేసుకోండి. తర్వాత హెచ్‌పీ మీద కంపైల్ చేసిన కొత్త బైనరీని సన్ తెర మీద చూపించండి. ఇప్పుడు కనిపించే తప్పులు క్లయింట్ వైపువి. ఈ రెంటినీ విడదీయకుండా ఒకేసారి పెట్టుకుంటే, మెనూ తెరుచుకోకపోవడం ఫాంట్ వల్లా, సిగ్నల్ వల్లా, ఆర్గ్యుమెంట్ వల్లా అన్నది తేలక రోజులు గడిచిపోతాయి. నాలుగు యంత్రాలకీ ఈ అడ్డపరీక్ష చేయండి.

సర్వర్ వైపు మొదట తగిలేది ఫాంట్లు. ఓపెన్ లుక్‌లో బటన్ మూలలు, స్క్రోల్‌బార్ లిఫ్ట్, పుష్‌పిన్ (మెనూనో విండోనో తెర మీద నిలిపి ఉంచే గుండుసూది బొమ్మ), మెనూ బాణం ఇవన్నీ ఒక ఫాంట్‌లోని అక్షరాలుగా దాచి ఉంటాయి. ఆ ఫాంట్ పేరు ఓఎల్‌గ్లిఫ్. 10, 12, 14, 19 అని నాలుగు సైజులు, టూల్‌కిట్‌లోని నాలుగు స్కేళ్లకు నాలుగు. కర్సర్ ఆకారాలకు ఓఎల్‌కర్సర్ అని ఇంకొకటి. హెచ్‌పీ, ఐబీఎం సర్వర్లతో ఇవి రావు. ఓఎల్‌గ్లిఫ్ దొరక్కపోతే ప్రోగ్రాం మొదట్లోనే ఫాంట్ ప్యాకేజీ పేరుతో తప్పు చూపించి ఆగిపోతుంది. సన్ మీద కంపైల్ అయి ఉన్న ఫాంట్ ఫైల్‌ను కాపీ చేయకండి. రిలీజ్ 4 కాలపు ఎస్‌ఎన్‌ఎఫ్ ఫైళ్లు యంత్రం బైట్ వరుసకు కట్టుబడి ఉంటాయి. సోర్స్‌లోని బీడీఎఫ్ ఫైళ్లనే (అక్షరాల రూపంలో రాసి ఉన్న ఫాంట్లు) తీసుకెళ్లి, ఆ యంత్రంలోని బీడీఎఫ్‌టుపీసీఎఫ్‌తో గానీ, పాత సర్వర్ అయితే బీడీఎఫ్‌టుఎస్‌ఎన్‌ఎఫ్‌తో గానీ అక్కడే తయారు చేయండి. ఆ డైరెక్టరీలో ఎంకేఫాంట్‌డిర్ నడిపి, ఎక్స్‌సెట్‌తో ఫాంట్ పాత్‌కి కలిపి, రీహాష్ చేయండి. లూసిడా ఫాంట్లు రిలీజ్ 4 నుంచి ఎక్స్‌తోనే వస్తాయి. కానీ లూసిడాశాన్స్-12 లాంటి పొట్టి పేర్లు ఫాంట్స్.ఎలియాస్ ఫైల్‌లో లేకపోతే దొరకవు. సన్ విండో వాతావరణమైన ఓపెన్‌విండోస్‌లో ఏ సైజుకైనా సాగే ఫాంట్లకు అలవాటుపడిన ప్రోగ్రాం 17 పాయింట్ల లూసిడా అడిగితే వేరే సర్వర్లలో ఖాళీ చేతులే. సోర్స్‌లో అలాంటి సైజులు వెతికి ఆ నాలుగింటికి దించేయండి.

కీబోర్డు త్వరగా తేలుతుంది. సన్ కీబోర్డుకి ఎడమవైపు స్టాప్, ఎగైన్, అన్‌డూ, కాపీ, పేస్ట్, కట్ లాంటి కీలుంటాయి, ఎల్1 నుంచి ఎల్10 వరకు. మిగతా కంపెనీల కీబోర్డుల్లో ఇవి లేవు. ఎక్స్‌వ్యూ ఈ పనులను ఓపెన్‌విండోస్.కీబోర్డ్‌కమాండ్ అనే రిసోర్సుల ద్వారా చదువుతుంది కాబట్టి కోడ్ ముట్టుకోనక్కరలేదు, ఎక్స్‌డిఫాల్ట్స్‌లో మెటా కీతో కలిపి కొత్త జతలు రాయండి. అయితే ముందుగా ఎక్స్‌మాడ్‌మ్యాప్ నడిపి, ఆ యంత్రంలో మెటా ఏ కీకి, ఏ మాడిఫైయర్‌కి కట్టి ఉందో చూడండి.

రంగుల్లో ఒక్కచోటే జాగ్రత్త. స్పార్క్‌స్టేషన్‌లో మామూలుగా కనిపించేది 8 బిట్ల తెర, 256 రంగుల పట్టిక ఒకటే. ఇండిగోలోనూ, హెచ్‌పీ 3డీ బోర్డుల్లోనూ ఒకే తెర మీద వేర్వేరు లోతుల విజువల్స్ (పిక్సెల్‌కి ఎన్ని బిట్లు, రంగు ఎలా అన్న ఏర్పాట్లు) కలిసి ఉండొచ్చు. పేరెంట్ కంటే వేరే లోతున్న విండో తెరిచేటప్పుడు బోర్డర్ పిక్సెల్, కలర్‌మ్యాప్ రెండూ చెప్పకపోతే సర్వర్ బ్యాడ్‌మ్యాచ్ తప్పు ఇస్తుంది. ఇలాంటి తప్పులు ఎప్పుడూ జరిగిన చోటు కాకుండా ఎన్నో పిలుపుల తర్వాత బయటపడతాయి. అందుకని సింక్ ఆప్షన్‌తో నడిపి, తప్పు పట్టే ఫంక్షన్ మీద డీబగ్గర్ ఆపండి.

ఇక క్లయింట్ వైపు. మేక్‌ఫైళ్లు చేత్తో రాయొద్దు. సోర్స్ ఐమేక్ (మేక్‌ఫైళ్లు తయారుచేసే ప్రోగ్రాం) మీద ఆధారపడింది, దానికి ప్రతి కంపెనీ వివరాలున్న సీఎఫ్ ఫైల్ ఎక్స్‌తో వస్తుంది. టెంప్లేట్‌లో మీరు మార్చేది కంపైలర్ ఆప్షన్లు, షేర్డ్ లైబ్రరీ నియమాలు మాత్రమే. సోర్స్ నిండా సన్, హెచ్‌పీ, అల్ట్రిక్స్ అని కంపెనీ పేర్లతో ఇఫ్‌డెఫ్‌లు చల్లుకుంటూ పోవడం మాత్రం చేయకండి. నాలుగో యంత్రానికి వచ్చేసరికి ఏ షరతు దేనికోసం పెట్టారో మీకే అంతుపట్టదు. ఒక్క హెడర్ ఫైల్‌లో యంత్రం పేరును లక్షణాలుగా మార్చండి: పీటీవై ఏ రకం, సెలెక్ట్ ఆర్గ్యుమెంట్ ఏ రకం, సిగ్‌యాక్షన్ ఉందా, కార్ సైన్డా కాదా. మిగతా సోర్స్ ఆ లక్షణాలనే అడగాలి.

కంపైలర్ల దగ్గర తెలిసి ఉండాల్సినవి కొన్ని. హెచ్‌పీ సీసీకి ఆన్సీ కోసం మైనస్ ఏఏ ఇవ్వగానే హెడర్లలోని బీఎస్‌డీ పేర్లన్నీ మాయమవుతాయి, _హెచ్‌పీయూఎక్స్_సోర్స్ కూడా డిఫైన్ చేస్తేనే తిరిగి వస్తాయి. హెచ్‌పీ-యూఎక్స్ 9లో సెలెక్ట్ ఎఫ్‌డీ_సెట్ పాయింటర్ కాక ఇంట్ పాయింటర్ అడుగుతుంది, కాస్ట్ పెట్టండి. ఐబీఎం, ఎస్‌జీఐ కంపైలర్లలో కార్ అన్‌సైన్డ్. గెట్‌సీ ఇచ్చిన విలువను కార్‌లో పెట్టుకుని ఈఓఎఫ్ కోసం చూసే లూప్ అక్కడ ఎప్పటికీ ఆగదు, టెక్స్ట్ విండోలో ఫైల్ తెరవగానే ప్రోగ్రాం బిగుసుకుపోయిందంటే మొదట ఇదే చూడండి. ఐబీఎంలో మైనస్ క్యూకార్స్=సైన్డ్, ఎస్‌జీఐలో మైనస్ సైన్డ్ ఇస్తే పని గడుస్తుంది. అసలు మందు ఆ వేరియబుల్‌ని ఇంట్ చేయడం. ఐబీఎంలో ఎక్స్‌ఎల్‌సీ పేరుతో పిలిస్తే స్ట్రింగ్ లిటరల్స్ రాయడానికి వీల్లేని చోట పడతాయి. ఎంకేటెంప్‌కి నేరుగా లిటరల్ ఇచ్చే పాత కోడ్ అక్కడ కూలుతుంది. ఎక్కడైనా అలొకా వాడితే ఐబీఎంలో ఫైల్ మొదట్లోనే ప్రాగ్మా రాయాలి, హెచ్‌పీలో పీడబ్ల్యూ లైబ్రరీ కలపాలి.

సున్నా చిరునామా గురించి ఒక మాట. సన్‌లో నల్ పాయింటర్ చదివితే అక్కడికక్కడే ప్రోగ్రాం పడిపోతుంది. ఐబీఎం యూనిక్స్ ఏఐఎక్స్‌లో చిరునామా 0 చదవొచ్చు, హెచ్‌పీ లింకర్ కూడా మామూలుగా దాన్ని సహిస్తుంది. అంటే మీరు కొత్తగా చేర్చిన తప్పులు ఆ రెండు యంత్రాల్లో కనపడకుండా దాక్కుంటాయి. హెచ్‌పీలో లింక్ చేసేటప్పుడు మైనస్ జెడ్ (చిన్న అక్షరం z) ఇవ్వండి, అప్పుడు సన్‌లాగే పడిపోతుంది. ప్రతి మార్పు తర్వాత సన్ మీద కూడా తిరిగి కట్టి నడపడం మానొద్దు.

ఇక అసలు పని. ఎక్స్‌వ్యూ ఏపీఐ మొత్తం ఎంత పొడవైనా ఉండగల ఆర్గ్యుమెంట్ల జాబితా మీద నడుస్తుంది. ఎక్స్‌వీ_క్రియేట్‌కి పేరెంట్, ప్యాకేజీ ఇచ్చి, ఆ తర్వాత ఎక్స్‌వీ_ఎక్స్, 10, ఎక్స్‌వీ_వై, 20 అని గుణం, విలువ, గుణం, విలువ రాసుకుంటూ పోయి 0తో ముగిస్తారు. ఈ జాబితాను అందుకున్న ఫంక్షన్ దాన్ని ఒక అర్రేలా చూస్తుంది. మొదటి ఆర్గ్యుమెంట్ చిరునామా పట్టుకుని, పాయింటర్‌ని ఒక్కో మెట్టు పైకి జరుపుతూ చదువుతుంది. స్పార్క్‌లో ఇది పనిచేయడానికి కారణం ఉంది. మొదటి 6 ఆర్గ్యుమెంట్లు రిజిస్టర్లలో వచ్చినా, వాటిని ఫ్రేమ్ పాయింటర్ + 68 దగ్గర నుంచి వరుసగా దింపుతారు, ఏడోది సరిగ్గా + 92 దగ్గర కాచుకుని ఉంటుంది. మొత్తం ఒకే గొలుసు. ఎస్‌జీఐ వాడే మిప్స్ ప్రాసెసర్‌లో 4 రిజిస్టర్లకు, ఆర్‌ఎస్/6000లో 8 రిజిస్టర్లకు ఇదే ఏర్పాటు, కాబట్టి ఎస్‌జీఐ, ఐబీఎం యంత్రాల్లో ఈ కోడ్ అలాగే నడిచిపోతుంది.

హెచ్‌పీ పీఏ-రిస్క్‌లో స్టాక్ పైకి పెరుగుతుంది, ఆర్గ్యుమెంట్లు కింది చిరునామాల వైపు దిగుతాయి. పాయింటర్‌ని పైకి జరిపితే చదివేది తర్వాతి గుణం కాదు, అంతకు ముందుదో, పిచ్చి విలువో. ఆల్ఫాలో వీఏ_లిస్ట్ (సీ భాషలో ఇలాంటి జాబితాను చదివే రకం) అసలు పాయింటరే కాదు, ఒక మూల చిరునామా, ఒక దూరం కలిసిన స్ట్రక్చర్. పూర్ణాంకాల రిజిస్టర్లు 6, దశాంశాల రిజిస్టర్లు 6 వేరువేరుగా దింపబడతాయి.

సరైన దారి ఒకటే. జాబితా తీసుకునే ప్రతి ఫంక్షన్ మొదట్లో వీఏ_ఆర్గ్ ద్వారా ఒక్కొక్కటే తీసి సొంత అర్రేలోకి కాపీ చేసి, లోపలి ఫంక్షన్లకు ఆ అర్రేనే ఇవ్వాలి. ఎక్స్‌వ్యూ 3లో ఇందుకోసం కాపీ_వీఏ_టు_ఏవీ అనే ఫంక్షన్ ఉంది. దాన్ని దాటేసి నేరుగా చదివే చోట్లు మిగిలున్నాయేమో వెతకండి, మీ ప్రోగ్రాంలో సొంతంగా రాసుకున్న ప్యాకేజీలుంటే అవి కూడా. ఈ కాపీని 0 కనబడేదాకా నడిచే చిన్న లూప్‌గా రాస్తే మాత్రం కొంప మునుగుతుంది. ఎక్స్‌వీ_ఎక్స్, 0 అని ఎవరైనా రాస్తే ఆ 0 విలువ, ముగింపు కాదు. ప్రతి గుణం సంఖ్యలోనూ దాని ప్యాకేజీ, రకం, ఎన్ని విలువలు వెంట వస్తాయన్నది బిట్లుగా దాచి ఉంటాయి. కాపీ చేసేది ఆ బిట్లు చదివి, సరిగ్గా అన్ని విలువలు తీసుకుని, తర్వాతి గుణం దగ్గరికి వెళ్లాలి. ప్యానెల్_చాయిస్_స్ట్రింగ్స్ లాంటివి వాటి సొంత 0 దాకా సాగే జాబితాలు, లోపలి 0 వేరు, బయటి 0 వేరు. అర్రే పరిమాణం కూడా చూడండి. పొడవాటి చాయిస్ జాబితా దాన్ని దాటిందంటే స్టాక్ చెడిపోతుంది, పడిపోయేది మాత్రం ఇంకెక్కడో. కాపీ లూప్‌లో హద్దు పరీక్ష ఒకటి పెట్టండి.

దీన్ని పరీక్షించే ప్రోగ్రాం పది లైన్లు చాలు: ఒక ఫ్రేమ్, ఒక ప్యానెల్, ఎక్స్ విలువ 0 ఉన్న ఒక బటన్, ఆరు మాటల చాయిస్ ఒకటి. ఇది హెచ్‌పీలో సరిగ్గా కనబడితే ఏపీఐ కుదిరినట్టే.

తర్వాతిది నోటిఫయర్, ఈవెంట్ లూప్. ఎక్స్ ఈవెంట్లు, ఫైళ్లు, టైమర్లు, సిగ్నల్స్, పిల్ల ప్రాసెస్‌లు అన్నింటినీ ఇదొక్కటే పంచుతుంది. దీనికో ప్రత్యేకత ఉంది: రీడ్, సెలెక్ట్, ఎఫ్‌సీఎన్‌టీఎల్ అనే సిస్టమ్ కాల్స్ పేర్లతోనే సొంత ఫంక్షన్లు పెట్టుకుని, ప్రోగ్రాం రీడ్‌లో కూర్చున్నా లోపల ఈవెంట్లు పంచుతూ ఉంటుంది. అసలు కెర్నెల్ పని కావాల్సినప్పుడు సిస్‌కాల్ ద్వారా నంబర్‌తో పిలుస్తుంది. బీఎస్‌డీ కాని రెండో యూనిక్స్ శాఖ, ఏటీ అండ్ టీ సిస్టమ్ వి రిలీజ్ 4 వంశంలో సెలెక్ట్ కెర్నెల్ కాల్ కాకుండా పోల్ మీద కట్టిన లైబ్రరీ ఫంక్షన్ అయిన చోట్లున్నాయి, సొలారిస్ 2 అలాంటిదే, అక్కడ పిలవడానికి ఆ నంబరే లేదు. ఏఐఎక్స్‌లో కెర్నెల్ కాల్స్ నంబర్లతో కాక పేర్లతో లోడర్ బంధిస్తుంది. పైగా అక్కడ షేర్డ్ లైబ్రరీ లోపలి పిలుపులు లింక్ చేసినప్పుడే స్థిరపడతాయి కాబట్టి సీ లైబ్రరీ మీ రీడ్‌ను పట్టించుకోదు.

ముందు మీ ప్రోగ్రాంలో నోటిఫై_డూ_డిస్పాచ్ అని వెతకండి. ఆ పిలుపు లేకపోతే, అంతా ఎక్స్‌వీ_మెయిన్_లూప్ మీదే నడుస్తుంటే, ఈ దొంగచాటు రీడ్, సెలెక్ట్ మీకు అక్కర్లేదు. వాటి పేర్లు మార్చి, నోటిఫయర్ లోపల నేరుగా మామూలు సెలెక్ట్‌ను పిలిచేలా చేయండి. ఎక్కువ ప్రోగ్రాంలకు ఇది సరిపోతుంది, పోర్ట్ సగం సులువవుతుంది. ఆ పిలుపు ఉంటే, పొడవాటి లెక్కల మధ్య నోటిఫై_డిస్పాచ్‌ను చేత్తో పిలిచేలా ప్రోగ్రాంను మార్చడమే మంచిదని నా అభిప్రాయం. ప్రతి యంత్రానికీ ఒక మాయ చేయడం కంటే అది నిలకడ.

సిగ్నల్స్‌ను సిగ్‌వెక్ నుంచి సిగ్‌యాక్షన్‌కి మార్చండి. సిస్టమ్ వి పద్ధతి సిగ్నల్ ఫంక్షన్‌తో పెడితే, ఒకసారి సిగ్నల్ రాగానే హ్యాండ్లర్ పోయి రెండోదానికి ప్రోగ్రాం చచ్చిపోతుంది. ఇంకా ఘోరం సిగ్‌సీఎల్‌డీ: హ్యాండ్లర్ లోపల వెయిట్ చేయకముందే మళ్లీ హ్యాండ్లర్ పెట్టారనుకోండి, చనిపోయిన పిల్ల ప్రాసెస్ ఇంకా లెక్కలో ఉంది కాబట్టి వెంటనే ఇంకో సిగ్నల్, దానిలోంచి ఇంకోటి, స్టాక్ అయిపోయేదాకా. వెయిట్3 బదులు వెయిట్‌పిడ్ వాడి, ఇంకెవరూ మిగలలేదనేదాకా లూప్‌లో ఏరండి. సన్‌ఓఎస్ 4లో సిగ్నల్ వచ్చినా రీడ్ తనంతట తాను మళ్లీ మొదలవుతుంది. సిగ్‌యాక్షన్‌లో ఎస్‌ఏ_రీస్టార్ట్ అడగకపోతే ఈఇంటర్ తప్పుతో తిరిగొస్తుంది. నోటిఫయర్ టైమర్ సిగ్నల్స్ వాడుతుంది కాబట్టి ఇది మీరు అనుకున్న దానికంటే తరచుగా జరుగుతుంది.

ఒకటి దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే దీన్ని పట్టుకోవడం కష్టం. లక్షణం ఇలా ఉంటుంది: హెచ్‌పీలో ప్రోగ్రాం బాగానే లేస్తుంది, పైపు నుంచి డేటా చదివే విండో కాసేపు కదిలి, ఆ తర్వాత నిశ్శబ్దమైపోతుంది. తప్పు సందేశం ఉండదు. జరిగేది ఇది. బీఎస్‌డీలో బ్లాక్ కాని ఫైల్‌లో డేటా లేకపోతే రీడ్ -1 ఇచ్చి ఈవుడ్‌బ్లాక్ అంటుంది. సిస్టమ్ వి పద్ధతి ఓ_ఎన్‌డిలే పెడితే రీడ్ 0 ఇస్తుంది. 0 అంటే ఫైల్ అయిపోయిందని కూడా అర్థం. మీ కోడ్ అవతలివాడు మూసేశాడనుకుని ఆ ఫైల్‌ను మర్యాదగా మూసేస్తుంది. పోసిక్స్ పద్ధతి ఓ_నాన్‌బ్లాక్ వాడితే -1, ఈఎగెయిన్ వస్తుంది. హెచ్‌పీ-యూఎక్స్‌లో ఈఎగెయిన్, ఈవుడ్‌బ్లాక్ రెండూ వేర్వేరు సంఖ్యలు, ఒక్కదాన్నే పోల్చే కోడ్ అక్కడ కూడా తప్పుతుంది. కాబట్టి అంతటా ఓ_నాన్‌బ్లాక్, పోల్చేటప్పుడు రెండు పేర్లూ.

టెర్మినల్ విండో ఆఖరికి ఉంచండి, దానికి సూడో టెర్మినల్ కావాలి, అది ప్రతి కంపెనీలో వేరు. సన్‌ఓఎస్ 4లో /డెవ్ కింద పీటీవైపీ0, టీటీవైపీ0 అని జతలు వెతుక్కుంటూ పోవడమే. హెచ్‌పీలో ఆ జతలు /డెవ్/పీటీవైఎం, /డెవ్/పీటీవై అనే రెండు డైరెక్టరీల్లో ఉంటాయి. ఏఐఎక్స్‌లో /డెవ్/పీటీసీ తెరిచి, ఆ డిస్క్రిప్టర్ మీద టీటీవైనేమ్ అడిగితే రెండో కొస పేరు వస్తుంది. ఎస్‌జీఐ యూనిక్స్ ఐరిక్స్‌లో _గెట్‌పీటీవై ఒక్క పిలుపుతో రెండూ ఇస్తుంది. డెక్ ఓఎస్‌ఎఫ్/1లో ఓపెన్‌పీటీవై. సొలారిస్ 2 కూడా కావాలంటే /డెవ్/పీటీఎంఎక్స్ తెరిచి, గ్రాంట్‌పీటీ, అన్‌లాక్‌పీటీ, పీటీఎస్‌నేమ్ అయ్యాక, పీటెమ్, ఎల్‌డీటెర్మ్, టీటీకాంపాట్ మాడ్యూళ్లను ఆ వరుసలోనే తోయాలి. ఇవన్నీ ఒకే ఫైల్‌లో ఒకే ఫంక్షన్ వెనక పెట్టండి. పిల్ల ప్రాసెస్‌లో సెట్‌సిడ్ చేసిన తర్వాతే రెండో కొస తెరవండి. వరుస తప్పితే కంట్రోల్-సీ పనిచేయదు, షెల్ జాబ్ కంట్రోల్ లేదని ఫిర్యాదు చేస్తుంది. ఇంకో చిన్న సంగతి, కమాండ్ విండో టెర్మ్ వేరియబుల్‌లో సన్-సీఎండీ అని పెడుతుంది, ఆ పేరు మిగతా కంపెనీల టెర్మిన్ఫోలో (టెర్మినళ్ల వర్ణనల పట్టికలో) లేదు, వీఐ తెరుచుకోదు. సన్ టెర్మ్‌క్యాప్‌లోని వర్ణన తీసి, క్యాప్‌టుఇన్ఫోతో మార్చి, టిక్‌తో ఎక్కించండి.

షేర్డ్ లైబ్రరీ గురించి తొందరపడొద్దు. మొదట నాలుగు యంత్రాల మీదా స్టాటిక్‌గా లింక్ చేసి ప్రోగ్రాం పూర్తిగా నడిచాకే దాని జోలికి వెళ్లండి. హెచ్‌పీలో ప్లస్ జెడ్‌తో కంపైల్, ఎల్‌డీ మైనస్ బీతో లింక్, పేరు చివర ఎస్‌ఎల్. ఫైల్ పర్మిషన్ 555 పెట్టండి. ఎస్‌హెచ్‌లిబ్_పాత్ వేరియబుల్ పనిచేయాలంటే ప్రోగ్రాం మీద చాట్ర్ ప్లస్ ఎస్ ఎనేబుల్ చేసి ఉండాలి. ఏఐఎక్స్‌లో బయటికి ఇచ్చే పేర్లన్నీ ఒక ఎక్స్‌పోర్ట్ ఫైల్‌లో రాసి మైనస్ బీఈ ద్వారా ఇవ్వాలి, తీరని పేరు ఒక్కటున్నా లింక్ తప్పుగా ముగుస్తుంది. అందుకే లిబ్‌ఎక్స్‌వ్యూకి ముందు లిబ్‌ఓఎల్‌జీఎక్స్ కట్టి దానిమీద లింక్ చేయండి. ఐరిక్స్ 5, ఓఎస్‌ఎఫ్/1లో మైనస్ షేర్డ్‌తో సన్‌కి దగ్గరగానే ఉంటుంది. సన్‌ఓఎస్ 4లో ఎస్ఓ పక్కన ఉండే ఎస్ఏ ఫైల్ మరెక్కడా అవసరం లేదు, ఆ నియమం టెంప్లేట్‌లోంచి తీసేయండి.

ఐకాన్లు కుడిఎడమలు తారుమారైనట్టుగానో, నిలువు పట్టీలు అటూ ఇటూ మారినట్టుగానో కనబడితే కారణం సన్ పాత ఐకాన్ ఫార్మాట్. ఫైల్ మొదట్లో వ్యాలిడ్_బిట్స్_పర్_ఐటెం=16 అని ఉంటుంది, అంటే 16 బిట్ల మాటలు, ఎడమ పిక్సెల్ అతి పెద్ద బిట్. ఎక్స్ బిట్‌మ్యాప్ ఫైల్లో 8 బిట్ల బైట్లు, ఎడమ పిక్సెల్ అతి చిన్న బిట్. టూల్‌కిట్ ఒకదాన్ని ఇంకోదానికి తిప్పేటప్పుడు షార్ట్ అర్రేను కార్ పాయింటర్‌తో చదివితే, పెద్ద కొస ముందుండే స్పార్క్, పీఏ-రిస్క్, ఆర్‌ఎస్/6000, ఇండిగోల్లో సరిగ్గా వస్తుంది, ఆల్ఫాలో పక్కపక్క 8 పిక్సెళ్ల పట్టీలు చోట్లు మార్చుకుంటాయి. తిప్పే ఫంక్షన్‌ను షిఫ్టులతో రాస్తే ఏ యంత్రంలోనైనా ఒకటే. మీ ప్రోగ్రాం ఐకాన్లు కొద్దే అయితే వాటిని ఎక్స్ బిట్‌మ్యాప్‌లుగా మార్చి, సర్వర్_ఇమేజ్_ఎక్స్_బిట్స్‌తో ఇవ్వడం ఇంకా శుభ్రం.

ఆల్ఫా యంత్రాన్ని చిట్టచివరికి ఉంచండి, కారణం 64 బిట్లు. అక్కడ ఇంట్ 4 బైట్లు, లాంగ్, పాయింటర్ 8 బైట్లు. ప్రోటోటైప్ లేని ఫంక్షన్ పాయింటర్ తిరిగి ఇస్తే కంపైలర్ దాన్ని ఇంట్ అనుకుని సగం కోసేస్తుంది. ఓఎస్‌ఎఫ్/1లో ప్రోగ్రాం మామూలుగా 4 జీబీ గీత పైన, 0x120000000 దగ్గర మొదలవుతుంది కాబట్టి కోసిన పాయింటర్ ఎప్పుడూ పనికిరాదు, వాడగానే పడిపోతుంది. ఇది మంచికే, తప్పు దాక్కోదు. జాబితా చివరి 0 ఇంట్‌గా వెళ్లినా ఇక్కడ తప్పించుకుంటుంది, ఆల్ఫా ప్రతి పూర్ణాంకాన్ని 64 బిట్లకు సాగదీసి పంపుతుంది. దాన్ని నమ్ముకోకండి, పాయింటర్‌గా కాస్ట్ చేయండి. ఎక్స్‌వీ_గెట్ ఫలితాన్ని ఇంట్‌లో దాచుకునే చోట్లు మీ ప్రోగ్రాంలో ఎన్నున్నాయో వెతికితే వందల్లో తేలినా ఆశ్చర్యం లేదు. అన్నీ సరిచేసే సమయం లేకపోతే లింక్ చేసేటప్పుడు మైనస్ టాసో ఇవ్వండి. అది చిరునామాలన్నింటినీ 31 బిట్లలో ఉంచుతుంది, కోసిన పాయింటర్ కూడా సరైనదే అవుతుంది.

టాసో కాపాడనిది ఒకటుంది, అదే చివర్లో దొరుకుతుంది. విండో ప్రాపర్టీలు, అంటే విండోకి తగిలించి సర్వర్‌లో ఉంచే సమాచారం. ఎక్స్‌చేంజ్‌ప్రాపర్టీకి ఫార్మాట్ 32 అని చెబితే ఎక్స్‌లిబ్ ఆశించేది లాంగ్‌ల అర్రే, తీగ మీద 4 బైట్లే వెళ్లినా సరే. ఆల్ఫాలో లాంగ్ 8 బైట్లు. ఓపెన్ లుక్ విండో మేనేజర్ అయిన ఓఎల్‌డబ్ల్యూఎంకి పిన్, విండో రకం చెప్పే _ఓఎల్_విన్_ఏటీటీఆర్ స్ట్రక్చర్‌లో ఇంట్ గళ్లుంటే, ఎక్స్‌లిబ్ రెండేసి గళ్లను ఒకటిగా చదువుతుంది. విండో వస్తుంది, పుష్‌పిన్ మాత్రం రాదు, లేదా తప్పుడు అలంకరణతో వస్తుంది. ఎక్స్‌ప్రాప్ నడిపి ఆ ప్రాపర్టీలో కొన్ని విలువలు ఎగిరిపోయాయేమో, మతిలేని సంఖ్యలు ఉన్నాయేమో చూడండి. స్ట్రక్చర్ గళ్లన్నీ లాంగ్ చేయండి, గెట్‌విండోప్రాపర్టీతో తిరిగి చదివే చోట కూడా. మోటిఫ్ విండో మేనేజర్ ఎండబ్ల్యూఎం కింద పరీక్షిస్తే ఈ తప్పు కనబడదు, దానికి పుష్‌పిన్ అంటేనే తెలియదు. అందుకని ఆల్ఫాలో టూల్‌కిట్‌తో పాటు ఓఎల్‌డబ్ల్యూఎంను కూడా కట్టి, దాని కిందే చూడండి.